క్యాంపస్‌లో కంపెనీ మొదలుపెట్టే ముందు జాగ్రత్తలు

- వాటాల సంగతి స్నేహం బాగున్నప్పుడే కాగితం మీద పెట్టండి. "తర్వాత చూద్దాంలే" అన్నచోటే గొడవలు. సాధారణంగా వాటా 4 ఏళ్లలో విడతలుగా దక్కేలా రాసుకుంటారు. మొదటి ఏడాది నిండకుండా వెళ్లిపోతే ఏమీ రాదు. చదువయ్యాక ఒకరు ఉద్యోగంలో చేరిపోతే మిగతావాళ్లకు ఇదే రక్ష.

- కాలేజీ ల్యాబ్, పరికరాలు వాడారా? తయారైనదాని మీద హక్కు కాలేజీదే కావచ్చు. నిబంధనలు ముందే చదవండి.

- పేటెంట్ (కొత్త ఆవిష్కరణ మీద చట్టం ఇచ్చే హక్కు) ఆలోచన ఉంటే, దరఖాస్తు పెట్టేదాకా టెక్ ఫెస్ట్‌లో ప్రదర్శించొద్దు. చాలా దేశాల్లో ఒకసారి బయటపెడితే కొత్తదనం పోయినట్టే లెక్క.

- కోడ్ రాయకముందే కొనేవాళ్లతో మాట్లాడండి. రూమ్మేట్ల మెచ్చుకోలు లెక్కలోకి రాదు!

- కంపెనీ డబ్బుకు వేరే బ్యాంకు ఖాతా.

- పరీక్షల తేదీలు చూసుకున్నాకే కస్టమర్‌కు గడువు చెప్పండి.