సెటప్ ఒకటే, సెట్టింగులు వేరు: ఆఫీసు కంప్యూటర్లలో తేడా ఎక్కడుందో పట్టుకోవడం

పది సిస్టమ్‌లకీ ఒకే విండోస్ ఇమేజ్ (ముందే సిద్ధం చేసిన ఇన్‌స్టలేషన్ కాపీ) వేశారు, ఒకే గ్రూప్ పాలసీ (సర్వర్ నుంచి కంప్యూటర్లకీ, యూజర్లకీ వెళ్లే సెట్టింగులు) ఇచ్చారు. అయినా ఒకదాంట్లో తేదీ ముందు వస్తుంది, ఇంకోదాంట్లో నెల ముందు వస్తుంది. మరోదాంట్లో పొద్దున పెట్టిన డిఫాల్ట్ ప్రింటర్ సాయంత్రానికి మారిపోతుంది. వెంటనే విండోస్ మళ్లీ ఎక్కించడానికి దిగకండి. కారణం దొరక్కపోతే ఆ తేడా మళ్లీ తలెత్తుతుంది.

మొదట తేల్చుకోవాల్సింది ఇది: తేడా మనిషి వెంట వెళ్తోందా, మెషిన్‌ని అంటిపెట్టుకుని ఉందా? తేడా ఉన్న సిస్టమ్‌లో పక్క సీటు యూజర్‌ని లాగిన్ అవ్వమనండి. ఈ యూజర్‌ని అటు కూర్చోబెట్టండి. మనిషితో పాటు తేడా కదిలితే ఆ అకౌంట్‌కి వచ్చే పాలసీలో, గ్రూపుల్లో, లేదా రోమింగ్ ప్రొఫైల్‌లో (సర్వర్‌లో ఉండి, యూజర్ ఎక్కడ లాగిన్ అయినా వెంట వచ్చే సొంత సెట్టింగుల్లో) వెతకాలి. ఎవరు లాగిన్ అయినా అదే తేడా కనిపిస్తే అది మెషిన్ సంగతి. ఇద్దరూ తారుమారైనప్పుడు రెండు చోట్లా సరిగ్గా ఉంటే, ఆ మెషిన్‌లో ఉన్న ఆ ఒక్క యూజర్ లోకల్ ప్రొఫైల్‌లోనే లోపం. పది నిమిషాల ఈ పరీక్ష వెతకాల్సిన చోటుని సగానికి పైగా తగ్గిస్తుంది. దీన్ని వదిలేసి రిజిస్ట్రీలోకి (విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోటు) వెళ్లడం మంచిది కాదు.

ప్రొఫైల్ అయితే

ఇమేజ్ తయారు చేసేటప్పుడు అడ్మిన్ అకౌంట్‌లో మార్చినవి మిగతా యూజర్లకి వాటంతట అవి వెళ్లవు. కొత్త యూజర్ మొదటిసారి లాగిన్ అయినప్పుడు విండోస్ డిఫాల్ట్ ప్రొఫైల్‌ని కాపీ చేస్తుంది, అంతే. తర్వాత డిఫాల్ట్ ప్రొఫైల్ మార్చినా పాతవాళ్లకి అందదు. అందుకే ఒకే మెషిన్‌లో పాత యూజర్‌కి ఒకటి, కొత్త యూజర్‌కి ఒకటి కనిపిస్తాయి.

తేదీ ఫార్మాట్ దీనికి మంచి ఉదాహరణ. కంట్రోల్ ప్యానెల్‌లో రీజియన్ తెరిచి, అడ్మినిస్ట్రేటివ్ ట్యాబ్‌లో కాపీ సెట్టింగ్స్ నొక్కితే వెల్‌కమ్ స్క్రీన్‌కీ, కొత్త యూజర్లకీ వర్తింపజేయొచ్చు. ఇప్పటికే ఉన్నవాళ్లకి మాత్రం గ్రూప్ పాలసీ ప్రిఫరెన్సెస్‌లోని (యూజర్ తర్వాత మార్చుకోగలిగే సెట్టింగులు పంపే భాగం) రీజనల్ ఆప్షన్స్ ద్వారా పంపాలి. సీఎస్‌వీ ఫైలు (కామాల్లాంటి గుర్తులతో విడదీసిన పట్టిక) ఒకరికి కాలమ్‌లుగా, మరొకరికి అంతా ఒకే కాలమ్‌లో తెరుచుకుంటే ఆ రీజియన్ సెట్టింగుల్లోనే లిస్ట్ సెపరేటర్ (విలువల్ని విడదీసే గుర్తు) చూడండి. ఎక్సెల్‌ని తప్పుపట్టక్కర్లేదు.

ప్రింటర్ మారిపోవడానికి ఎక్కువగా కారణం, డిఫాల్ట్ ప్రింటర్‌ని విండోస్‌కే వదిలేసే సెట్టింగ్. అది ఆన్‌లో ఉంటే చివరిగా వాడిన ప్రింటరే డిఫాల్ట్ అవుతుంది. సెట్టింగ్స్‌లోని ప్రింటర్ల పేజీలో దాన్ని ఆఫ్ చేయండి. అందరికీ ఒకేసారి ఆపాలంటే యూజర్ పాలసీ ఉంది.

మెషిన్ లేదా పాలసీ అయితే

బాగున్న సిస్టమ్‌లో, తేడా ఉన్న సిస్టమ్‌లో ఏయే పాలసీలు వర్తించాయో చూపే జీపీరిజల్ట్ (gpresult) కమాండ్‌ని స్లాష్ హెచ్‌తో (/h), ఫైలు పేరు ఇచ్చి నడపండి. కంప్యూటర్ భాగం కూడా రావాలంటే కమాండ్ ప్రాంప్ట్ అడ్మిన్‌గా తెరవాలి. వేరే అడ్మిన్ అకౌంట్‌తో తెరిస్తే యూజర్ భాగంలో ఆ అడ్మిన్ వివరాలే వస్తాయి కాబట్టి, స్లాష్ యూజర్‌తో అసలు యూజర్ పేరు ఇవ్వండి. రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టి, ఏ పాలసీ గెలిచింది, ఏది తిరస్కరణకు గురైంది, ఏ కారణంతో అన్నది చూడండి.

కొత్తగా డొమైన్‌లో (ఆఫీసు కంప్యూటర్లనీ, అకౌంట్లనీ ఒకే చోటి నుంచి నడిపే ఏర్పాటు) చేర్చిన మెషిన్ డిఫాల్ట్ కంప్యూటర్స్ కంటైనర్‌లోనే ఉండిపోవడం తరచూ కనిపించే పొరపాటు. దానికి పాలసీ లింక్ చేయలేం. సైట్, డొమైన్ స్థాయి పాలసీలే వస్తాయి. సరైన ఓయూలోకి (పాలసీ లింక్ చేయగల, ఫోల్డర్ లాంటి విభాగం) మార్చి రీస్టార్ట్ చేయండి. సెక్యూరిటీ ఫిల్టరింగ్ (పాలసీ ఎవరికి వర్తించాలో చెప్పే జాబితా) నుంచి ఆథెంటికేటెడ్ యూజర్స్ (డొమైన్‌లో లాగిన్ అయిన అకౌంట్లన్నీ ఉండే గ్రూపు) తీసేసినా సమస్యే: 2016 జూన్ అప్‌డేట్ నుంచి యూజర్ పాలసీని కంప్యూటర్ అకౌంట్ ద్వారానే చదువుతారు. డెలిగేషన్ ట్యాబ్‌లో డొమైన్ కంప్యూటర్స్‌కి రీడ్ అనుమతి ఇవ్వాలి.

పాలసీ మామూలుగా రిఫ్రెష్ కావడానికి 90 నిమిషాలు, దానిపైన 30 నిమిషాల దాకా యాదృచ్ఛికంగా కలుస్తుంది. జీపీఅప్‌డేట్ ఫోర్స్ (gpupdate /force) కమాండ్ కొడితే వెంటనే వస్తుంది కానీ, సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టలేషన్, ఫోల్డర్ రీడైరెక్షన్ స్టార్టప్‌లో లేదా లాగిన్‌లో మాత్రమే పనిచేస్తాయి. కొన్నిసార్లు రెండు సార్లు రీస్టార్ట్ కావాలి. ఫలితం రాలేదని అప్పుడే ఇంకో సెట్టింగ్ మార్చకండి.

ఈవెంట్ వ్యూయర్‌లో సిస్టమ్ లాగ్ చూడండి. 1129 నంబరు ఈవెంట్ ఉంటే ఆ సమయానికి మెషిన్ డొమైన్ కంట్రోలర్‌ని (లాగిన్‌లు సరిచూసి, పాలసీలు ఇచ్చే సర్వర్) చేరలేకపోయింది. వైఫై ల్యాప్‌టాప్‌లకి ఇది మామూలే. 1058 ఉంటే సిస్‌వాల్ (డొమైన్ కంట్రోలర్‌లో పాలసీ ఫైళ్లుండే షేర్డ్ ఫోల్డర్) నుంచి పాలసీ ఫైలు చదవలేకపోయింది. గడియారం కూడా చూడండి: డొమైన్ కంట్రోలర్ సమయంతో డిఫాల్ట్‌గా 5 నిమిషాలకి మించి తేడా ఉంటే కెర్బరోస్ (డొమైన్‌లో లాగిన్‌ని సరిచూసే పద్ధతి) ఒప్పుకోదు.

పాలసీ తీసేశాక కూడా పాత మెషిన్లలోనే పాత విలువ మిగిలితే, అది ప్రిఫరెన్సెస్‌తో పెట్టినది అయి ఉంటుంది. ఆ విలువలు పాలసీ పోయినా డిఫాల్ట్‌గా రిజిస్ట్రీలో ఉండిపోతాయి. డిలీట్ చర్యతో ఇంకో ప్రిఫరెన్స్ పంపి తుడిచేయాలి.