బేస్ గొంతు బొంగురుపోతే

ఇరవై ఏళ్లుగా గుంటూరులో మా చర్చి క్వయర్‌కు బేస్ గిటార్ వాయిస్తున్నాను. పెళ్లిళ్ల రోజుల్లో ఆర్కెస్ట్రాలకూ వెళతాను. బేస్ పగిలినట్టు మోగితే కుర్రాళ్లు మొదట ఆంప్‌ను, అంటే శబ్దాన్ని పెంచే ఆంప్లిఫయర్‌ను, తిడతారు, తర్వాత కొత్త ఆంప్ ధర వెతుకుతారు. నేను మాత్రం గిటార్ వెనక మూత విప్పమంటాను.

ఎందుకో చెబుతాను. ఒక క్రిస్మస్‌కు ముందు రాత్రి రిహార్సల్‌లో నా బేస్ బర్రుమంది. మెల్లగా మీటితే శుభ్రంగా ఉంది, గట్టిగా మీటితే స్వరం చిరిగిపోతోంది. కేబుల్ మార్చాను. మిక్సర్ దగ్గర ఉన్న తమ్ముడితో గొడవపడ్డాను. అతను ఓపిగ్గా వచ్చి, "అన్నా, బ్యాటరీ ఎప్పుడు మార్చారు?" అని అడిగాడు. నాకు గుర్తు లేదు. తన మల్టీమీటర్‌లోని 9 వోల్టుల బ్యాటరీ తీసి ఇచ్చాడు. పెట్టగానే గొంతు తిరిగి వచ్చింది. నా ముఖం మాత్రం కాసేపు చిన్నబోయింది.

యాక్టివ్ బేస్‌లో చిన్న ప్రీఆంప్, అంటే సిగ్నల్‌ను ఆంప్‌కు పంపే ముందే పెంచే సర్క్యూట్, ఉంటుంది, అది ఈ బ్యాటరీ మీదే నడుస్తుంది. వోల్టేజీ పడిపోయేకొద్దీ పెద్ద స్వరాల తలలు తెగిపోతాయి, చిన్నవి మాత్రం బతికిపోతాయి. గట్టిగా మీటినప్పుడే పగులుతోందంటే మొదటి అనుమానం దీని మీదే. కొత్త ఆల్కలైన్ బ్యాటరీ మీటర్‌లో 9 వోల్టులకు పైనే చూపిస్తుంది. 8 కంటే తగ్గితే నేను ఉంచను. మీ గిటార్‌కు యాక్టివ్, పాసివ్ స్విచ్ ఉంటే పాసివ్‌కు, అంటే ప్రీఆంప్ లేకుండా మోగే వైపుకు, తిప్పి చూడండి. అప్పుడు శుభ్రంగా మోగితే తప్పు చాలావరకు బ్యాటరీదో ప్రీఆంప్‌దో తప్ప ఆంప్‌ది కాదు. ఇంకో సంగతి: చాలా యాక్టివ్ బేస్‌లలో జాక్‌లో కేబుల్ గుచ్చడమే ఆన్ స్విచ్. ఆ క్రిస్మస్‌కు ముందు మూడు రాత్రులు నా గిటార్ కేబుల్‌తో సహా స్టాండ్ మీదే ఉండిపోయింది.

బ్యాటరీ బాగుంటే పికప్ ఎత్తు చూడండి. పికప్ అంటే తీగల కింద ఉండి, వాటి కదలికను సిగ్నల్‌గా మార్చే అయస్కాంతపు ముక్క. తీగకు మరీ దగ్గరగా ఉంటే సిగ్నల్ ఎక్కువై ముందే పగులుతుంది, పైగా అయస్కాంతం తీగను లాగి స్వరాన్ని పాడుచేస్తుంది. చివరి ఫ్రెట్ (నెక్ మీది అడ్డ లోహపు పట్టీ) దగ్గర తీగను నొక్కిపట్టి, దానికీ పికప్‌కూ మధ్య రెండు రూపాయి నాణేలు ఒకదానిపై ఒకటి పట్టేంత, అంటే సుమారు 3 మిల్లీమీటర్లు, ఖాళీ ఉండేలా స్క్రూలు తిప్పుతాను. ఈ నాణేలు అయస్కాంతానికి అతుక్కుపోతాయి కాబట్టి చేయి మెల్లగా తీయండి.

కేబుల్ చెడిపోతే సాధారణంగా పగలదు. చిటపటలాడుతుంది, హమ్ వస్తుంది, లేదా ఆగి ఆగి మోగుతుంది. పాట్, అంటే గిటార్ మీది వాల్యూమ్, టోన్ నాబ్, తిప్పితే గరగరమంటే కాంటాక్ట్ క్లీనర్ కొట్టండి. ఆంప్‌కు కలపకుండా వాయించినా జర్రుమంటే అది ఫ్రెట్ బజ్. నెక్, తీగల ఎత్తు సరిచేయించాలి, కరెంటుతో పని లేదు.

తర్వాతే ఆంప్. యాక్టివ్ బేస్‌ను యాక్టివ్ ఇన్‌పుట్‌లోనే పెట్టండి, ఆ సాకెట్ సిగ్నల్‌ను తగ్గించి తీసుకుంటుంది. బాగా గట్టిగా మీటుతూ గెయిన్ (లోపలికి వచ్చే సిగ్నల్‌ను పెంచే నాబ్) పెంచండి. క్లిప్ లైటు మెరిసిన చోటు నుంచి కొంచెం వెనక్కి తిప్పి, మిగతాది మాస్టర్ వాల్యూమ్‌తో పెంచుకోండి. డీఐ బాక్స్ (గిటార్‌ను మిక్సర్‌కు కలిపే చిన్న పెట్టె) ద్వారా మిక్సర్‌లోకి వెళుతుంటే, దాని మీది ప్యాడ్ బటన్, అంటే సిగ్నల్‌ను తగ్గించేది, నొక్కమని అడగండి. నాలుగు తీగల బేస్‌లో లావు తీగ దాదాపు 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. చిన్న గిటార్ ఆంప్ స్పీకర్ దాన్ని మోయలేదు, బలవంతపెడితే పాడవుతుంది.

స్పీకర్ మీదే అనుమానమైతే అదే ఆంప్‌లో ఫోన్ పెట్టి ఏదైనా పాట తక్కువ వాల్యూమ్‌లో వినండి. అదీ గరగరమంటే ఆంప్ ఆపి, జాలీ తీసి, రెండు చేతుల వేళ్లతో కోన్‌ను, అంటే స్పీకర్ ముందున్న గరాటు ఆకారపు పొరను, అన్ని వైపులా సమానంగా మెల్లగా నొక్కండి. లోపల రాపిడి వినిపిస్తే కోన్‌ను కదిలించే తీగచుట్ట, అంటే కాయిల్, పోయినట్టే. అది మెకానిక్ పని, మీరు విప్పకండి.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా గదిలో బర్రుమంటుంటే హెడ్‌ఫోన్‌లో వినండి. అక్కడ శుభ్రంగా ఉంటే వేరే వస్తువేదో అదురుతోంది. చాలాసార్లు అది స్నేర్ డ్రమ్ అడుగున ఉండే తీగలే. మీట తిప్పి వాటిని వదులు చేయమని డ్రమ్మర్‌కు చెప్పండి. మా చర్చిలో అయితే A తీగ మీద మూడో ఫ్రెట్ నొక్కిన ప్రతిసారీ ఎడమవైపు రెండో కిటికీ అద్దం పలికేది. ఇప్పుడు ఆ అద్దం అంచున మడిచిన అట్టముక్క ఉంది.