కీమోకు ముందే కదపవలసిన సంతానం సంగతి

రొమ్ము క్యాన్సర్ అని తేలిన వారంలో పిల్లల మాట ఎత్తితే, ముందు ప్రాణం దక్కనీ అని ఇంట్లోవాళ్లు మందలిస్తారు. కాని ఆ మాట ఎత్తవలసిన సమయం అదే. సైక్లోఫాస్ఫమైడ్ వంటి కీమో మందులు అండాశయంలోని అండాల నిల్వను తరిగిస్తాయి, తరిగిన నిల్వ మళ్లీ పెరగదు. అందుచేత మొదటి కీమో తేదీ ఖాయం కాకముందే సంతాన సాఫల్య నిపుణులకు చూపించమని క్యాన్సర్ వైద్యుణ్ణి అడిగి, ఆ కోరికను కేస్ షీటులో రాయించుకోవాలి.

అండాలు తీసి దాచడానికి సుమారు రెండు వారాలు చాలు. నెలసరి కోసం ఆగనక్కరలేదు. రోజూ పొట్ట మీద చిన్న ఇంజెక్షన్, రెండు మూడు రోజులకొక స్కానింగ్, చివర మత్తిచ్చి సూదితో అండాలు తీయడం, అంతే. కొన్ని రొమ్ము క్యాన్సర్లకు ఊతమిచ్చే స్త్రీ హార్మోను ఈస్ట్రోజెన్ ఈ ఇంజెక్షన్లతో పెరుగుతుందన్న భయం సహజమే కనుక, దాన్ని అదుపులో ఉంచడానికి లెట్రోజోల్ మాత్రలు కలిపి ఇస్తారు. పెళ్లయినవారికి పిండాలుగా దాచే వీలుంది గాని, వాటిపై నిర్ణయం దంపతులిద్దరిదీ కావాలి, పైగా సంతాన సాఫల్య చికిత్సలపై వచ్చిన 2021 నాటి చట్టం ప్రకారం పదేళ్లకు మించి ఉంచరాదు. కొన్నింటినైనా అండాలుగానే ఉంచుకోవడం మేలని నా అభిప్రాయం. కీమో సాగుతుండగా నెలకొకటి ఇచ్చే గోసెరెలిన్ ఇంజెక్షన్ అండాశయానికి కొంత రక్షణే తప్ప వీటికి బదులు కాదు. వేరే క్యాన్సర్లు వచ్చిన, ఇంకా ఈడేరని ఆడపిల్లలకు అండాశయపు ముక్కను తీసి భద్రపరచడమే దారి.

క్యాన్సర్ వచ్చిన మగవారికి వీర్యం దాచుకోవడం ఒకటి రెండు రోజుల పని. శాంపిల్ ఇవ్వడానికి మొహమాటపడి ఆ అవకాశాన్ని పోగొట్టుకోవడం మాత్రం విచారకరం. వీర్యమైనా, అండమైనా మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో ఉంటుంది. ఏటా కట్టవలసిన రుసుము ఎంతో ముందే కనుక్కోవాలి.

చికిత్స ముగిశాక నెలసరి రాకపోయినా గర్భం రాదనుకోకూడదు. వైద్యులు సరేననేదాకా కండోమో, కాపర్‌-టీయో వాడాలి, హార్మోనులుండే గర్భనిరోధక మాత్రలు పనికిరావు. గుండెపై ప్రభావం చూపగల డాక్సోరూబిసిన్ అనే కీమో మందు తీసుకున్నవారు గర్భానికి ముందు గుండెకు ఎకో తీయించుకోవాలి. కీమో తర్వాత వ్యాధి తిరగబెట్టకుండా ఇచ్చే, ఈస్ట్రోజెన్ పనిని అడ్డుకునే టామాక్సిఫెన్ వంటి మాత్రలను ఏడాదిన్నర నుంచి రెండున్నరేళ్ల దాకా వాడి, గర్భం కోసం రెండేళ్ల వరకు ఆపిన స్త్రీలలో, తొలి మూడేళ్లలో వ్యాధి తిరగబెట్టడం ఎక్కువ కాలేదని 2023లో వెలువడిన ఒక అంతర్జాతీయ అధ్యయనం తెలిపింది. అయితే ఆపడం సొంతంగా చేసే పని కాదు. ఆపాక సుమారు మూడు నెలలు ఆగి ప్రయత్నించాలి, ప్రసవమయ్యాక డాక్టరు చెప్పిన రోజున ఆ మాత్రలను తిరిగి మొదలుపెట్టాలి.