రేషన్ క్యూలో మర్యాద – మూడవ పాఠం: ముక్కూ మొహం తెలియనివారు మాట విసిరినప్పుడు

కార్డులో ఎవరెవరి ఆధార్ ఎక్కిందో సరిచూసుకోవడం మొదటి పాఠంలోనూ, వేలిముద్ర తీసుకునే ఈపాస్ మిషను దగ్గర జరిగే తతంగం రెండవ పాఠంలోనూ చెప్పుకున్నాం. అనంతపురం, చిత్తూరు, కడప వైపు నుంచి బెంగళూరుకు కట్టడం పనికో, ఇళ్లలో పనికో వచ్చి, ఊరి కార్డు మీదనే ఇక్కడి న్యాయబెలె అంగడిలో (రేషన్ దుకాణంలో) బియ్యం తీసుకుంటున్న కుటుంబాలకు ఎదురయ్యే ఒక ఇబ్బంది గురించి ఈ పాఠంలో నేర్చుకుందాం. క్యూలో ఎవరో ఒకరు పుల్లవిరుపుగా మాట్లాడినప్పుడు ఎదురు తిట్టకుండా, తల దించుకోకుండా బదులు చెప్పడం సాధనతో వచ్చే విద్యే.

మనసులో ముందుగా ఒక సంగతి గట్టిగా నాటుకోవాలి. 2013లో వచ్చిన జాతీయ ఆహార భద్రతా చట్టం ప్రకారం ప్రాధాన్య కుటుంబాలలో మనిషికి నెలకు 5 కిలోల ధాన్యం, నిరుపేదలకిచ్చే అంత్యోదయ కార్డున్న కుటుంబానికి 35 కిలోలు అందాలి. 2023 జనవరి 1 నుంచి దానికి ధర కూడా లేదు. ‘ఒకే దేశం, ఒకే రేషన్ కార్డు’ ఏర్పాటు వల్ల ఆ ధాన్యాన్ని కొంత ఊళ్లో, కొంత ఇక్కడ తీసుకునే వీలు కూడా ఉంది. ఈ లెక్కలన్నీ క్యూలో అప్పజెప్పడానికి కావు. ఇది ఎవరో జాలిపడి పెట్టే ముద్ద కాదని మీకు తెలిసి ఉంటే గొంతు వణకదు, గొంతు వణకనివారికే మెత్తగా మాట్లాడటం చేతనవుతుంది.

బెంగళూరులో ఎక్కువగా వినిపించే మాట, “మీ ఊళ్లో తీసుకోండమ్మా, మీరంతా వచ్చి మా బియ్యం పట్టుకుపోతున్నారు” అనేది. వినగానే ఒళ్లు మండుతుంది, నిజమే. అయినా ఆ మాట అన్న మనిషి చేతిలోని సంచిని ఒకసారి చూడండి. ఆవిడ కూడా మీలాగే పని మానుకుని వచ్చి నిలబడింది, తన వంతు వచ్చేసరికి నిల్వ అయిపోతుందేమోనని ఆవిడ భయం. నెలాఖరున అలా అయిపోయి మళ్లీ రమ్మనడం ఆవిడ చూసి ఉండవచ్చు. కాబట్టి ఆ భయానికి బదులివ్వండి, కోపాన్ని వదిలేయండి. “నిమ్మ కార్డిన అక్కి కడిమె ఆగల్ల అక్కా” (మీ కార్డు బియ్యం తగ్గదు అక్కా) అని కన్నడంలో ఒక్క మాట అని, ఆవిడ వినేలా ఉంటే, మీరు తీసుకునేది మీ ఊరి కార్డు లెక్కలోనే తగ్గుతుందనీ, కర్ణాటక ప్రభుత్వం తన కార్డులకు అదనంగా ఇచ్చేది మీకు రాదనీ చెప్పండి. ఆ వాక్యాన్ని ఇంట్లో పదిమార్లు పైకి అనుకుని మరీ వెళ్లండి, ఎందుకంటే కోపంలో మనకు తెలుగే సరిగా రాదు, ఇక కన్నడం ఎక్కడ వస్తుంది? వచ్చీరాని కన్నడమైనా సరే, అవతలివారి భాషలో ‘అక్కా’ అని పిలిచి మొదలుపెడితే సగం వేడి అక్కడే చల్లారుతుంది.

మిషను వేలిముద్ర పట్టనప్పుడు వెనుకనుంచి వచ్చే విసుగు వేరు. సిమెంటు కలిపే చేతులకూ, పొద్దస్తమానం గిన్నెలు తోమే చేతులకూ వేలి గీతలు అరిగిపోతాయి. ఒకటికి రెండుసార్లు వేలు పెట్టడం తప్పదు. “ఒక్క నిమిషం అన్నా, వేలు తీసుకోవడం లేదు” అని వెనక్కి తిరిగి మొహం చూసి చెప్పండి. వేలిని పొడిగుడ్డతో తుడిచి, ఇంకో వేలు పెట్టి చూడండి. కార్డులో పేరున్న మరొకరు వెంట ఉంటే వారి వేలితోనూ పని జరుగుతుంది. మీ వంతును మాత్రం వదులుకోకండి. మర్యాద పేరుతో ప్రతిసారీ వెనక్కి జరిగేవారిని చివరికి అందరూ వెనక్కే నెడతారు.

“చేతిలో అంత ఫోనుంది, ఉచిత బియ్యం ఎందుకు?”, “మా ట్యాక్సులతో తింటున్నారు” అనేవారికి సంజాయిషీ ఇవ్వనక్కరలేదు. ఫోను ఎవరు కొనిచ్చారో, ఇంట్లో జబ్బు ఎవరికో, అప్పు ఎంతో ముక్కూ మొహం తెలియనివారి ముందు విప్పి పెట్టడం మీకు గౌరవం కాదు, వారికీ ఉపయోగపడదు. సబ్బు కొన్నా మీరూ జీఎస్టీ కడుతున్నారన్నది నిజమే, కానీ క్యూలో ఆ వాదన ఎత్తుకుంటే తెగదు. “మీరు అలా అనుకుంటున్నారు, సరే సార్” అని నెమ్మదిగా అని, తూకం వైపు తిరగండి. ఆ ‘సరే’లో వెటకారం పలికితే మర్యాద పోయినట్టే, అందుకే గొంతు దించి పలకాలి.

పక్కన మీ పిల్లలు ఉంటే, దారిలో వారితో ఆ సంగతి మాట్లాడండి: “ఆయనకు తెలియక అన్నాడు, మనం తీసుకున్నది మన వాటా” అంటే చాలు. పిల్లల ముందు ఆ మనిషిని తిట్టిపోయకండి.

డీలరు తూకంలో కోత పెట్టినా, పరాయి రాష్ట్రం కార్డు చెల్లదని తిప్పి పంపినా అది మొరటుతనం కింద సరిపెట్టుకునే విషయం కాదు. రసీదు దగ్గర పెట్టుకుని రేషన్ ఫిర్యాదుల నంబరు 1967కు ఫోను చేయండి. కులం పేరెత్తి తిట్టినా, చేయి చేసుకోబోయినా ఈ పాఠం పక్కన పెట్టి 112కు ఫోను చేయాలి.

ఈ వారం సాధన ఇది. ఇంట్లో ఒకరిని ఎదురుగా నిలబెట్టి, పైన చెప్పిన మూడు రకాల మాటలూ కటువుగా అనిపించుకోండి. ప్రతిదానికీ ఒక్క వాక్యంలోనే బదులు చెప్పండి. వాక్యం రెండవది అవుతుంటే ఆగి మళ్లీ మొదలుపెట్టండి. మాట పడటం ఎలా ఉంటుందో వారికీ తెలియాలి కనుక తరువాత పాత్రలు మార్చుకోండి. కిరాణా కొట్టులో అప్పు అడిగే చోట పక్కవారు నవ్వినప్పుడు ఏం చేయాలన్నది నాలుగవ పాఠంలో చూద్దాం.