కలినాగో బుట్ట అల్లడం నేర్చుకోవాలంటే

కరీబియన్ దీవి దేశం డొమినికా వెళ్తే, తూర్పు తీరంలో అక్కడి ఆదివాసులైన కలినాగోలు ఉండే ప్రాంతానికి ఒక పూట కేటాయించండి, బుట్ట కొనడానికే కాదు, కూర్చుని అల్లడానికి. లరూమా అనే మొక్క కాడలను చీల్చి, ఎండబెట్టి, లోపలి మెత్తని భాగం గీకేసి అల్లడానికి బద్దలు తయారుచేస్తారు. నలుపు రంగు కావాలంటే బురదలో పాతిపెడతారు. మీరు అడుగు భాగంతో మొదలుపెట్టండి. బద్దలను పక్కపక్కన పరిచి, అడ్డబద్దను ఒకదాని పైనుంచి, ఇంకోదాని కిందనుంచి పోనిస్తూ ప్రతి వరసనీ వేళ్లతో దగ్గరికి నొక్కాలి, ఇక్కడ వదులైందంటే గోడలు లేచేసరికి బుట్ట మొత్తం వంకరపోతుంది. బద్ద అంచు వేలు కోస్తుంది, జాగ్రత్త. పాత పద్ధతిలో రెండు పొరల మధ్య ఆకులు పరిచి వాన నీళ్లు దిగకుండా చేస్తారు, అది తప్పకుండా అడిగి చూడండి, అసలు పనితనమంతా అందులోనే ఉంది. తూర్పు కరీబియన్ డాలర్లు దగ్గర ఉంచుకోండి. బేరం మాత్రం ఆడకండి, బద్దల తయారీకే బోలెడంత టైం పడుతుంది.