లాస్‌లెస్ పాటలు చిటపటలాడుతున్నాయా? సెట్టింగులు ముట్టుకునే ముందు లోపం ఎక్కడుందో ఇలా తేల్చుకోండి

ధ్వనిని ఏ నష్టమూ లేకుండా కుదించి దాచే, అంటే లాస్‌లెస్ ఫార్మాటైన ఫ్లాక్‌లో ఉన్న ఫైలు వింటుండగా మధ్యలో టక్కుమని శబ్దం వచ్చినా, పాట మొదట్లో అర సెకను మింగేసినా, ప్లేయర్ అసలు మోగించనని మొరాయించినా చాలామంది చేసే మొదటి పని ప్లేయర్‌ను తీసివేసి మళ్ళీ ఎక్కించడం. అది ఫలించకపోతే మరో ప్లేయర్‌ను దించుకుంటారు. అదీ ఫలించకపోతే ఫైలునే వేరే ఫార్మాట్‌లోకి మార్చి, పాతదాన్ని చెరిపేసి, ఆ తరువాత కొత్త ఫైలులో కూడా అదే టక్ శబ్దం విని ఆశ్చర్యపోతారు. దెబ్బతిన్న ఫైలును ఏ ఫార్మాట్‌లోకి మార్చినా దెబ్బ దానితోపాటే వెళుతుంది. కాబట్టి లోపం ఫైలులో ఉందా, ఫైలు నుంచి చెవి దాకా ఉన్న దారిలో ఉందా అన్నది తేలేవరకు ఏ సెట్టింగునూ మార్చకూడదు.

కావలసిన సరంజామా తక్కువే. విండోస్ కంప్యూటర్‌లో ఫూబార్2000 ప్లేయర్, దానికి అనుబంధంగా దొరికే ఫైల్ ఇంటెగ్రిటీ వెరిఫైయర్, తీగ ఉన్న హెడ్‌ఫోన్లు ఉంటే చాలు. వేరే ప్లేయర్లు పనికిరావని కాదు గానీ, ఏ దారిలో ధ్వని బయటికి పోతున్నదో ఇంత తేటగా చూపించేవి తక్కువ. అందుకే ఇక్కడ చెప్పే మెట్లన్నీ దాన్ని బట్టే చెబుతున్నాను. బ్లూటూత్ హెడ్‌ఫోన్లను మాత్రం ఈ పని అయ్యేదాకా పక్కన పెట్టాలి. సాధారణ బ్లూటూత్ సంగీతాన్ని మళ్ళీ కుదించి పంపుతుంది కనుక, ఆ దారిలో విని ఫ్లాక్ ఫైలు మీద తీర్పు చెప్పడం కుదరదు.

మొదటి మెట్టు: శబ్దం ఎక్కడ వస్తున్నదో గుర్తించడం

టక్ శబ్దం వచ్చిన చోట సమయం రాసుకోండి. పాటను వెనక్కి జరిపి అదే భాగాన్ని మరికొన్ని సార్లు వినండి. ప్రతిసారీ అదే క్షణంలో వస్తే లోపం ఫైలులో ఉన్నట్టు అనుకోవచ్చు. ఒక్కోసారి ఒక్కోచోట వస్తే ఫైలును వదిలేసి దారిని పట్టుకోవాలి. కాసేపట్లో అయిపోయే ఈ పరీక్షను దాటవేసి గంటల తరబడి డ్రైవర్లు మార్చేవారిని చూస్తే విసుగు పుడుతుంది.

రెండవ మెట్టు: ఫైలును పరీక్షించడం

పాట మీద కుడి మీట నొక్కి, యుటిలిటీస్‌లో ఉన్న వెరిఫై ఇంటెగ్రిటీని ఎంచుకోండి. ఒక్క పాటనే కాక ఆల్బమ్ మొత్తాన్ని ఒకేసారి ఇవ్వవచ్చు. కమాండ్ లైన్ అలవాటున్నవారు ఫ్లాక్ అధికారిక సాధనంలోని టెస్ట్ ఐచ్ఛికాన్ని వాడినా ఫలితం ఒకటే.

ఈ పరీక్షను నమ్మవచ్చు. ఫ్లాక్ ఫైలు చిన్న చిన్న ఫ్రేములుగా ఉంటుంది; ప్రతి ఫ్రేము చివర ఆ ఫ్రేము చెడిందో లేదో చెప్పే 16 బిట్ల తనిఖీ సంఖ్య ఉంటుంది. దానికి తోడు, కుదించక ముందున్న మొత్తం ధ్వనికి లెక్కకట్టిన ఎమ్‌డీ5 ముద్ర, అంటే వేలిముద్ర లాంటి సంఖ్య, ఫైలు తలభాగంలో భద్రంగా ఉంటుంది. పరీక్షలో ఫైలును పూర్తిగా విప్పి, వచ్చిన ధ్వనికి మళ్ళీ ముద్ర కట్టి, రెండూ సరిపోలాయో లేదో చూస్తారు. సరిపోలితే ఎన్‌కోడర్‌కు, అంటే ధ్వనిని కుదించి ఫైలు తయారుచేసిన సాఫ్ట్‌వేర్‌కు, అందిన ధ్వని ఒక్క బిట్ తేడా లేకుండా మీ దగ్గర ఉన్నట్టే. 2001లో మొదటి స్థిర వెర్షన్ వచ్చిన నాటినుంచీ ఈ ఏర్పాటు ఉంది, అయినా వాడేవారు అరుదు. లాస్‌లెస్ ఫార్మాట్లు అరడజను ఉన్నా నేను ఫ్లాక్‌నే పట్టుకుని ఉండడానికి ఇదే కారణం. కుదింపు స్థాయి మామూలుగా ఉండే 5 దగ్గరే ఉంచండి. 8కి పెంచితే ఎన్‌కోడింగ్ సమయం పెరుగుతుంది, కాస్త చోటు మిగులుతుంది, ధ్వనిలో మాత్రం ఏ మార్పూ ఉండదు.

ఫలితం ఏమి చెబుతున్నదో జాగ్రత్తగా చదవాలి. ఫ్రేము తనిఖీ విఫలమైతే డిస్క్ మీదో, కాపీ చేసేటప్పుడో ఫైలు చెడింది. సీడీ నాణ్యత గల ఫైలులో ఒక ఫ్రేముకు మామూలుగా 4096 శాంపిళ్ళు (ధ్వనిని క్షణక్షణం కొలిచి రాసిన అంకెలు), అంటే సెకనులో పదో వంతు కన్నా కొంచెం తక్కువ నిడివి. అందుకే ఒక్క ఫ్రేము చెడితే పాటంతా పోకుండా ఒక్క టక్ శబ్దమో చిన్న విరామమో వినిపిస్తుంది. ముద్ర లేదని హెచ్చరిక వస్తే కంగారు పడనక్కర లేదు. కొన్ని సాఫ్ట్‌వేర్లు ఆ చోటును ఖాళీగా వదిలేస్తాయి. అదే ఫైలు ఒకసారి నెగ్గి, మరోసారి తప్పితే మాత్రం ఫైలును అనుమానించడం మాని కంప్యూటర్ ర్యామ్‌ను పరీక్షించాలి, ఎందుకంటే ఫైలు దానంతట అది మనసు మార్చుకోదు.

పరీక్ష నెగ్గినా ప్రతిసారీ అదే చోట శబ్దం వస్తున్నదా? అప్పుడు సీడీ నుంచి పాటను తీసినప్పుడే తప్పు జరిగి ఉంటుంది. ఎన్‌కోడర్‌కు గీతలున్న ధ్వని అందితే ఆ గీతలనే అది నమ్మకంగా భద్రపరుస్తుంది. అలాంటి డిస్కును ఎగ్జాక్ట్ ఆడియో కాపీ అనే సాఫ్ట్‌వేర్‌లో, చదివినదాన్ని సరిచూసుకునే సెక్యూర్ మోడ్‌లో మళ్ళీ తీసి, వచ్చిన లెక్కను ఆక్యురేట్‌రిప్ డేటాబేస్‌తో పోల్చండి. అదే డిస్కును తీసిన ఇతరుల లెక్కతో మీది కలిస్తే ఇక సందేహం లేదు. వేగంగా తీసే బర్స్ట్ మోడ్‌ను, కనీసం పాత డిస్కులకు, వాడవద్దు.

ఫైలు అసలు తెరుచుకోకపోతే కారణం చాలాసార్లు చిన్నదే. ఫ్లాక్ ఫైలు ఆ పేరులోని నాలుగు అక్షరాలతో మొదలు కావాలి. కొన్ని ట్యాగింగ్ సాఫ్ట్‌వేర్లు ఎంపీ3కి చెందిన ఐడీ3 ట్యాగును ముందు తగిలించి కొన్ని ప్లేయర్లను తికమక పెడతాయి. ఆ ట్యాగు తీసేస్తే పాట మోగుతుంది. ఎమ్4ఏ పొడిగింపు ఉన్నంతమాత్రాన ఫైలు లాస్‌లెస్ అని అనుకోకూడదు. ఆపిల్ లాస్‌లెస్, నష్టంతో కుదించే ఏఏసీ, రెండూ ఆ పేరుతోనే తిరుగుతాయి. ప్లేయర్‌లో ప్రాపర్టీస్ తెరిచి కోడెక్, అంటే కుదింపు పద్ధతి, పేరు చూసుకోండి.

మూడవ మెట్టు: ధ్వని వెళ్ళే దారిని శుభ్రం చేయడం

ఎక్కువమంది తప్పులు చేసేది ఇక్కడే. నిదానంగా చదవండి.

విండోస్‌లో మామూలుగా ప్రతి ప్రోగ్రామ్ ధ్వనీ ఒక ఉమ్మడి మిక్సర్‌లోకి వెళ్ళి, అక్కడ ఒకే శాంప్లింగ్ రేటుకు (సెకనుకు ఎన్ని శాంపిళ్ళన్న లెక్కకు) మారి, ఆ తరువాతే సౌండ్ కార్డుకు చేరుతుంది. ఆ రేటు ఎంతన్నది సౌండ్ కంట్రోల్ ప్యానెల్‌లో పరికరం ప్రాపర్టీస్ తెరిచి, అడ్వాన్స్‌డ్ పేజీలోని డిఫాల్ట్ ఫార్మాట్‌లో చూడవచ్చు. అది 48000 దగ్గర ఉండి మీ పాట 44100 అయితే, మీరు లాస్‌లెస్‌గా దాచుకున్న ధ్వనిని మిక్సర్ తిరగరాసి పంపుతున్నట్టే. పెద్ద అంకె మంచిదనుకుని 192000 పెట్టేవారున్నారు. 44100కు 192000 పూర్ణ గుణిజం కూడా కాదు. లేని వివరాలు దానివల్ల పుట్టవు, ప్రాసెసర్‌కు అదనపు పని మాత్రం పుడుతుంది. మీ పాటల్లో ఎక్కువ భాగం సీడీల నుంచి వచ్చినవైతే అక్కడ 24 బిట్లు, 44100 పెట్టండి. ధ్వనికి మెరుగులు దిద్దే ఎన్‌హాన్స్‌మెంట్స్ అన్నింటినీ ఆపేయండి.

అసలు పరిష్కారం మిక్సర్‌ను దాటి వెళ్ళడం, అంటే విండోస్ ధ్వని వ్యవస్థ అయిన వాసాపిలోని ఎక్స్‌క్లూజివ్ మోడ్. విండోస్ విస్టా నుంచి ఇది విండోస్‌లోనే ఉంది. ఫూబార్2000లో ప్రిఫరెన్సెస్, ప్లేబ్యాక్, అవుట్‌పుట్ అనే వరుసలో వెళ్ళి, పరికరాల జాబితాలో పేరు చివర ఎక్స్‌క్లూజివ్ అని ఉన్నదాన్ని ఎంచుకోవాలి.

ఎంచుకునే ముందు హెడ్‌ఫోన్లు చెవుల నుంచి తీసి బల్ల మీద పెట్టండి. ఇది అతి జాగ్రత్త కాదు. ఉమ్మడి మిక్సర్ ద్వారా వెళుతున్నప్పుడు విండోస్ వాల్యూమ్ మీట సాఫ్ట్‌వేర్‌లోనే ధ్వనిని తగ్గిస్తూ ఉంటుంది. ఎక్స్‌క్లూజివ్ మోడ్‌లో మిక్సర్ అడ్డు తొలగిపోతుంది కనుక, పరికరంలోనే వాల్యూమ్ నియంత్రణ లేకపోతే ఆ మీట పనిచేయదు, ధ్వని పూర్తి స్థాయిలో బయటికి దూకుతుంది. ఇరవై శాతం దగ్గర నిశ్చింతగా వింటున్నవారికి అకస్మాత్తుగా నూరు శాతం చెవుల్లో పడితే హెడ్‌ఫోన్లకే కాదు, వినికిడికీ ప్రమాదమే. ముందు ప్లేయర్ లోపలి వాల్యూమ్‌ను బాగా తగ్గించండి, యాంప్లిఫయర్ ఉంటే దాని గుబ్బను కిందికి తిప్పండి, పాట మొదలుపెట్టండి, హెడ్‌ఫోన్లు చేతిలో ఉండగానే ధ్వని స్థాయి గమనించండి, ఆ తరువాతే చెవులకు పెట్టుకోండి. ఈ వరుసలో ఏ ఒక్కటీ మార్చవద్దు.

రెండవ జాగ్రత్త: ఈ మోడ్‌లో పరికరం ఒక్క ప్రోగ్రామ్ అధీనంలోకే వెళుతుంది. పాట నడుస్తుండగా బ్రౌజర్‌లో వీడియో మూగబోతే అది లోపం కాదు, పద్ధతే అది. బ్రౌజర్ ముందే పరికరాన్ని వాడుకుంటున్నా మామూలుగా ప్లేయర్ దాన్ని లాక్కుంటుంది. పరికరం వేరొకరి చేతిలో ఉందని పొరపాటు సందేశం వస్తే మాత్రం ఎక్స్‌క్లూజివ్‌గానే తెరిచిన మరో ప్రోగ్రామ్ కోసం వెతకాలి, లేదా అడ్వాన్స్‌డ్ పేజీలో ఎక్స్‌క్లూజివ్ మోడ్‌ను అనుమతించే గడిలో టిక్కు ఉందో లేదో చూడాలి.

మూడవది ఇంకా ముఖ్యం. మిక్సర్ లేనప్పుడు రేటునూ బిట్లనూ సర్దిపెట్టేవారు ఎవరూ ఉండరు. ఫైలు 88200 హెర్ట్‌జ్‌లో ఉండి పరికరానికి ఆ రేటు తెలియకపోతే, స్ట్రీమ్ ఫార్మాట్‌కు మద్దతు లేదన్న సందేశంతో పాట ఆగిపోతుంది. ఇది చూసి ఫైలు చెడిందని చెరిపేసినవారు ఉన్నారు. ఫైలు నిక్షేపంగా ఉంది, పరికరానికే ఆ భాష రాదు. ప్లేయర్‌లోని డీఎస్‌పీ మేనేజర్‌లో రేటు మార్చే రీశాంప్లర్‌ను పెట్టి, పరికరానికి రాని ఆ రేట్లను మాత్రమే మార్చేలా ఏర్పాటు చేయండి. అన్నింటినీ మార్చేలా పెడితే ఇంత శ్రమా ఎందుకు పడ్డట్టు?

స్టూడియో రికార్డింగ్ కోసం పుట్టిన ఏసియో డ్రైవర్లను పాటలు వినడానికి ఎక్కించుకోమనే సలహాలు మీకు ఎదురవుతాయి. వాటి గొప్పతనం తక్కువ ఆలస్యంలో, ఎక్కువ ఛానళ్ళలో ఉంది. వినేవారికి ఆ రెండూ అక్కరలేదు. రెండు దారులూ బిట్లను మార్చకుండా చేరవేసినప్పుడు వచ్చే ధ్వని ఒక్కటే, అలాంటప్పుడు విండోస్‌లో ఉన్నదాన్ని వదిలి బయటి డ్రైవర్‌ను ఇంట్లోకి తెచ్చుకోవడం కొత్త చిక్కులకు తలుపు తీయడమే.

దారి నిజంగా శుభ్రమైందా అన్నది చెవితో తేల్చవద్దు. యూఎస్‌బీ డాక్ (అంకెల రూపంలోని ధ్వనిని హెడ్‌ఫోన్లకు పంపే విద్యుత్ సంకేతంగా మార్చే పరికరం) ముఖాన రేటు చూపించే తెర ఉంటే, 44100 పాటకూ 96000 పాటకూ అంకె మారుతున్నదో లేదో చూడండి. మారితే పరికరం పాట రేటుకే నడుస్తున్నట్టు. లినక్స్‌లో ప్రాక్ డైరెక్టరీలోని సౌండ్ కార్డు వివరాల్లో పాట నడుస్తుండగా అసలు రేటు కనబడుతుంది. మ్యాక్‌లో ఆడియో మిడి సెటప్‌లో రేటు చూసుకుని, అవసరమైతే చేత్తో మార్చుకోవాలి.

ఇంకా చిటపటలు మిగిలితే

చోటు మార్చుకుంటూ వచ్చే శబ్దాలకు మూలం దాదాపు ఎప్పుడూ సమయానికి డేటా అందకపోవడమే. ప్లేయర్ బఫర్, అంటే ముందే తెచ్చి ఉంచుకునే ధ్వని, నిడివిని పెంచండి. సినిమా చూడడం లేదు కనుక ఒక సెకను ఆలస్యమైనా నష్టం లేదు. పాటలు నెట్‌వర్క్ డిస్కులోనో, నిద్రపోయే బయటి డిస్కులోనో ఉంటే, అడ్వాన్స్‌డ్ సెట్టింగుల్లో ఫైలు మొత్తాన్ని ముందే మెమరీలోకి తెచ్చుకునే ఐచ్ఛికాన్ని వాడండి. నాలుగు నిమిషాల సీడీ పాట కుదించకుండానే 42 మెగాబైట్లు, ఫ్లాక్‌లో ఇంకా తక్కువ, కాబట్టి మెమరీకి అది బరువు కాదు. డాక్‌ను హబ్‌కు కాక నేరుగా కంప్యూటర్‌కు తగిలించండి, యూఎస్‌బీ విద్యుత్ పొదుపును ఆపండి. అప్పటికీ తగ్గకపోతే లేటెన్సీమాన్ అనే సాధనాన్ని కొద్దిసేపు నడిపి, ఏ డ్రైవర్ ప్రాసెసర్‌ను పట్టుకుని కూర్చుంటున్నదో చూడండి. వైఫై డ్రైవర్ దొరికితే వైఫై ఆపి ఒక పాట వినండి.

ప్రతి పాట మొదట్లోనూ ముక్క తెగిపోతుంటే అది వేరే సంగతి. కొన్ని డాక్‌లు రేటు మారినప్పుడల్లా టప్పుమనే శబ్దం రాకుండా క్షణం పాటు నోరు మూసుకుంటాయి. ఒకే రేటు ఉన్న పాటలను వరుసగా పెట్టి వినండి. మొదటి పాటకు మాత్రమే తెగి, మిగతావాటికి తెగకపోతే సాఫ్ట్‌వేర్‌లో వెతకడం ఆపేయవచ్చు. అప్పుడు వేర్వేరు రేట్ల పాటలను ఒకే జాబితాలో కలపకుండా, 44100వి ఒకచోట, 96000వి మరోచోట పెట్టుకోవాలి.