లింటర్ మాట, మార్చిన లైన్ పక్కనే కనిపించాలి

మా బిల్లింగ్ కోడ్ ఎనిమిదేళ్ళ నాటిది, అంతా పైథాన్. కోడ్‌ను నడపకుండానే చదివి తప్పులు పట్టే టూల్‌ను లింటర్ అంటారు. మా కోడ్‌కు రఫ్ అనే లింటర్‌ను జోడించిన వారంలోనే, కొత్తగా చేరిన అమ్మాయి ఒకరు రెండు లైన్లు సరిచేసి పుల్ రిక్వెస్ట్ (మార్పును ప్రధాన కోడ్‌లో కలపమని అడిగేది) పెట్టింది. ఆ ఫైల్లో ఏళ్ళ తరబడి పేరుకున్న తప్పులన్నీ ఆమె రిక్వెస్ట్ కింద కామెంట్లుగా వచ్చి పడ్డాయి. "అన్నా, ఇవన్నీ నేనే చేశానా?" అని అడిగింది. ఆ సాయంత్రమే ఆ సెటప్‌ను తీసేసి మళ్ళీ మొదటి నుంచి కట్టాను. ఇప్పుడు మేం గిట్‌హబ్ యాక్షన్స్‌లో (ఇలాంటి చెక్‌లను తానే నడిపే గిట్‌హబ్ సేవ) వాడుతున్న పద్ధతి ఇదీ.

లింటర్ చెప్పేదాన్ని రివ్యూ కామెంట్లుగా మార్చడానికి రివ్యూడాగ్ అనే ఉచిత ఓపెన్ సోర్స్ టూల్ ఉంది. రఫ్ అవుట్‌పుట్ ఫార్మాట్‌ను ఆర్‌డీజేసన్ అని పెట్టి, దాన్ని పైప్ ద్వారా (ఒక కమాండ్ అవుట్‌పుట్‌ను నేరుగా తర్వాతి కమాండ్‌కు పంపే దారి) రివ్యూడాగ్‌కు ఇవ్వండి. ఇది రివ్యూడాగ్ సొంత ఫార్మాట్. ఫైల్, లైన్, రూల్ పేరుతో పాటు, రఫ్‌కు సవరణ తెలిస్తే అదీ వెళ్తుంది. రిపోర్టర్‌గా, అంటే ఫలితాలను చూపించే చోటుగా, గిట్‌హబ్ పీఆర్ (పుల్ రిక్వెస్ట్) రివ్యూను ఎంచుకుంటే ఆ సవరణ ఒక్క క్లిక్‌తో ఒప్పుకునే సూచనగా కనిపిస్తుంది. జాబ్ టోకెన్‌కు (ఈ చెక్ గిట్‌హబ్‌లో వాడే తాళం లాంటిది) పుల్ రిక్వెస్టుల మీద రాసే అనుమతి ఇవ్వడం మర్చిపోకండి.

అన్నిటికంటే ముఖ్యమైనది రివ్యూడాగ్ ఫిల్టర్ మోడ్. 'యాడెడ్' అని పెడితే కొత్తగా చేర్చిన, మార్చిన లైన్ల మీదే కామెంట్ వస్తుంది. 'నోఫిల్టర్' అంటే పాత బాకీ అంతా బయటికి వస్తుంది. మేం మొదట చేసిన పొరపాటు అదే. పాత తప్పులను వేరే రిక్వెస్టుల్లో, ఒక్కో రూల్ చొప్పున తీర్చుకోవచ్చు.

తర్వాత చూడాల్సింది ఎగ్జిట్ కోడ్, అంటే కమాండ్ ముగిసేటప్పుడు ఇచ్చే సంఖ్య. సున్నా అయితే సవ్యంగా ముగిసినట్టు. ఇక్కడే నేను ఎక్కువ టైమ్ పోగొట్టుకున్నాను. ఒకసారి రఫ్ కాన్ఫిగ్ ఫైల్లో అక్షరం తప్పు పడి, లింటర్ అసలు నడవనే లేదు. అయినా జాబ్‌కు ఆకుపచ్చ టిక్ వచ్చేసింది. నాలుగు రోజులు ఎవరం గమనించలేదు. కారణం ఏమిటంటే, షెల్ (కమాండ్లను నడిపే ప్రోగ్రామ్) ఏదో చెప్పకపోతే గిట్‌హబ్ యాక్షన్స్ పైప్‌లో చివరి కమాండ్ ఫలితాన్నే చూస్తుంది. ఆ స్టెప్‌లో షెల్ 'బాష్' అని విడిగా రాస్తే పైప్‌ఫెయిల్ ఆన్ అవుతుంది, అంటే పైప్‌లో ఏ కమాండ్ విఫలమైనా స్టెప్ విఫలమైనట్టే. దాంతో పాటు రఫ్‌కు 'ఎగ్జిట్ జీరో' ఆప్షన్ ఇవ్వండి. అప్పుడు కోడ్‌లో తప్పులు దొరికినా రఫ్ సున్నాతోనే ముగుస్తుంది, కానీ రఫ్ తానే పాడైతే 2తో ముగిసి జాబ్ ఎర్రబడుతుంది. కోడ్‌లో తప్పు ఉన్నప్పుడు మెర్జ్ ఆపాలా వద్దా అన్నది రివ్యూడాగ్ ఫెయిల్ లెవెల్‌కు వదిలేయండి.

రూల్స్ తక్కువగా మొదలుపెట్టండి. నిర్వచించని పేరు వాడటాన్ని పట్టే ఎఫ్821, ఫంక్షన్ డిఫాల్ట్ విలువగా లిస్ట్ పెట్టడాన్ని పట్టే బి006 లాంటివి నిజంగా బగ్‌లను ఆపుతాయి. ఖాళీలు, కొటేషన్ గుర్తుల గురించి మనిషికి కామెంట్ పెట్టడం నాకు అస్సలు ఇష్టం ఉండదు. ఆ పని రఫ్ ఫార్మాటర్‌కు అప్పగించండి, కమిట్‌కు ముందే సర్దేస్తుంది. రఫ్ వెర్షన్‌ను కూడా ఒక నంబర్ దగ్గర కట్టేయండి. లేకపోతే ఏదో ఒక ఉదయం కొత్త వెర్షన్‌తో కొత్త హెచ్చరికలు దిగి, టీమ్ అంతటికీ టెన్షన్.

మీ రిపాజిటరీ పబ్లిక్ అయితే ఇంకొకటి. ఫోర్క్ (బయటివాళ్ళు తీసుకున్న మీ రిపాజిటరీ కాపీ) నుంచి వచ్చే రిక్వెస్టులకు టోకెన్‌తో చదవడమే కుదురుతుంది, కామెంట్ రాయడం కుదరదు. దానికోసం పుల్ రిక్వెస్ట్ టార్గెట్ ఈవెంట్‌కు (ఫోర్క్ రిక్వెస్టులకూ రాసే అనుమతి ఇచ్చేది) మారి, బయటివాళ్ళ కోడ్‌ను అందులో నడపకండి. మీ సీక్రెట్లు (పాస్‌వర్డ్‌లు, కీల లాంటివి) వాళ్ళ చేతికి వెళ్తాయి.

అంతా పెట్టాక రెండు ఉత్తుత్తి రిక్వెస్టులు తెరవండి. మొదటిదాంట్లో లేని వేరియబుల్ పేరు ఒకటి వాడండి, సరిగ్గా ఆ లైన్ పక్కనే కామెంట్ రావాలి. రెండోదాంట్లో కాన్ఫిగ్ ఫైల్‌ను కావాలనే చెడగొట్టండి, జాబ్ ఎర్రబడాలి. ఈ రెండూ కళ్ళారా చూశాకే టీమ్‌కు చెప్పండి.